అందరూ వచ్చేదాకా లేవని మంచు

శనివారం సిరసపుట్టు సంతకి అందరికంటే ముందు వచ్చేది మంచు. తెల్లారకముందే కాఫీ తోటల్లోంచి దిగి, సంత మైదానంలో నాలుగు మూలలా సర్దుకుని కూర్చుంటుంది. మనుషులు ఆ తర్వాత వస్తారు. పసుపు కొమ్ముల మూటలు, రాజ్‌మా బస్తాలు, కొండచీపుర్ల కట్టలు, కాళ్లు కట్టిన కోళ్లు మోసుకుంటూ వచ్చి ఎవరి జాగాలో వాళ్లు గోనె పరుస్తారు. ఒక్కొక్కరు వచ్చేకొద్దీ మంచు ఒక్కొక్క పొర పలచబడుతుంది. జాగా ఉన్న ఆఖరి మనిషి కూడా వచ్చి కూర్చున్నాక లేచి వెళ్లిపోతుంది. అప్పుడు ఎండ పడుతుంది. అప్పుడే సంత మొదలైనట్టు.

ఒక్కరు తగ్గినా లేవదు. ఉప్పుచేపలమ్మే సోంబరు చనిపోయిన ఏడాది మంచు రెండు శనివారాలు రోజంతా అలాగే కూర్చుంది. మూడో శనివారం పెద్దలు ఆ జాగా అతని కూతురికి రాసిచ్చారు. ఆ పిల్ల గంప దింపగానే మంచు చీర కుచ్చిళ్లు దులుపుకున్నట్టు లేచిపోయింది. అందుకే ఆ సంతకి మూడు వారాల కట్టుబాటు ఉంది. ఎవరి జాగా అయినా వరసగా మూడు సంతలు ఖాళీగా ఉంటే, మూడో సంతనాడు పదకొండు గంటలకి దాన్ని ఇంకొకరి పేర రాసెయ్యాలి. లేకపోతే జనం ఎన్నాళ్లని మంచులో బేరాలాడతారు?

తాహెరా జాగా సంతకి నడిమధ్యన ఉంది. అది మొదట ఆమె అత్త రజియాబీది. ముప్ఫై ఏళ్ల కిందట రజియాబీ గాజుల మలారం భుజాన వేసుకుని సాలూరు నుంచి కొండెక్కింది. చుట్టుపక్కల ఇరవై ఊళ్ల ఆడవాళ్ల చేతులకి గాజులు తొడిగింది. నాలుగేళ్ల కిందట జారిపడి తుంటి విరిగాక ఆవిడ మంచం దిగడం మానేసింది. అప్పటినుంచి ఆ జాగాలో కోడలు కూర్చుంటోంది. ముంచింగిపుట్టులో బస్టాండు వెనక ఇల్లు. మొగుడు ఖాదర్ జీపు నడుపుతాడు. శనివారం పొద్దున్నే గాజుల పెట్టెలు జీపు టాపు మీద కట్టి, పెళ్లాన్ని సంత దగ్గర దింపి, మళ్లీ జనం కోసం వెనక్కి పోతాడు.

తాహెరా నల్ల బురఖా వేసుకుంటుంది. మొఖానికి నఖాబు కట్టుకుంటుంది. కళ్లు మాత్రం కనిపిస్తాయి. ఎండ పడిన క్షణాన ఎర్రవి, పచ్చవి, నీలివి వెయ్యి గాజులు ఒక్కసారిగా వెలుగుతాయి. ఆ వెలుగంతా పోయి ఆ రెండు కళ్లలో చేరుతుంది. రజియాబీ మాత్రం ముప్ఫై ఏళ్లూ తలమీద కొంగుతోనే గడిపింది, మొఖం ఎప్పుడూ కప్పుకోలేదు. ఈ సంగతి అందరికీ తెలుసు. తాహెరాని నఖాబు కట్టుకోమని ఎవరూ అనలేదు. పెళ్లయిన రెండో ఏడు రంజాన్ నెలలో తనంతట తానే కట్టుకుంది. అదేమిటే అని అడిగితే, "కట్టుకుంటే నాలో నేనున్నట్టు ఉంటుంది అత్తా" అంది. రజియాబీ సరే అంది.

ఆమె జాగా వెనక ఒక పాత చీర తెరలాగా కట్టి ఉంటుంది. పెళ్లికూతుళ్లు వస్తే ఆ తెర వెనక కూర్చోబెట్టి గాజులు తొడుగుతుంది. పెళ్లిగాజులు తొడిగే మనిషి నవ్వుమొఖం పిల్ల చూడాలని అక్కడి ఆనవాయితీ. అందుకని అక్కడ మాత్రం నఖాబు పైకెత్తుతుంది. ఆ నాలుగేళ్లలో పెళ్లైన ఆడపిల్లలందరూ ఆ మొఖం చూశారు. పక్క జాగా కనక ఎన్నోసార్లు చూసింది. కనక డెబ్బై ఏళ్ల మనిషి, పసుపు, పిప్పళ్లు అమ్ముతుంది. ఆవిడ నుదుటి నిండా, బుగ్గల నిండా, చేతుల నిండా చిన్నప్పుడు పొడిపించిన పచ్చబొట్లు ఉన్నాయి.

డిసెంబరు మొదటి శనివారం మేకలమ్మే బుధు మేకపిల్ల ఒకటి పోయింది. మంకీ క్యాపు పెట్టుకుని, మూతికి మఫ్లరు చుట్టుకున్న మనిషి ఎవరో దాన్ని చంకలో పెట్టుకుని దర్జాగా నడిచి వెళ్లిపోయాడట. చూసినవాళ్లు పది మంది ఉన్నారు. మొఖం చూసినవాడు ఒక్కడూ లేడు. బుధు సంత మధ్యలో చతికిలబడి ఏడ్చాడు. సంత పెద్ద సన్యాసిరావుకి ఆ ఏడుపు మనసులో గుచ్చుకుంది. ఆయన కొండ కింది మైదాన ప్రాంతం నుంచి వచ్చి స్థిరపడిన కిరాణా వర్తకుడు. మంచివాడే, కానీ భయస్తుడు. వారం రోజులూ ఫోన్లో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ల వీడియోలు చూశాడు. ఎక్కడో కాలేజీలో, ఎక్కడో పరాయి దేశంలో మొఖాల ముసుగులు తీయించారన్న వార్తలు చూశాడు. మరుసటి శనివారానికి సంత దారిలో రెండు వెదుళ్లు పాతించి తాడు కట్టించాడు. పక్కన బోర్డు పెట్టించాడు.

"సంత లోపల మొఖం కప్పుకొని తిరగరాదు. ఇట్లు, సంత కమిటీ."

తాడు దగ్గర మంగ్లుని నిలబెట్టాడు. మంగ్లు చెప్పిన మాట చెప్పినట్టు చేసే మనిషి, అటూ ఇటూ పోడు.

ఆ పొద్దున్న చలి ఎముకలు కొరుకుతోంది. మంగ్లు వచ్చినవాళ్లందరి చేతా టోపీలు తీయించాడు. జనం తాడు దాటి పది అడుగులు వేసి మళ్లీ పెట్టుకున్నారు. ముసలాళ్లు తిట్టారు. చంటిపిల్లకి చెవులు కప్పిన తల్లి ఒకామె మంగ్లుని కొట్టినంత పని చేసింది. గంట గడిచేసరికి సన్యాసిరావే పరిగెత్తుకొచ్చాడు.

"ఒరే మంగ్లూ, సలికి కట్టుకున్నోళ్లని ఒగ్గీరా. సచ్చిపోతారు."

సరిగ్గా అప్పుడే తాహెరా జీపు దిగింది. మంగ్లు ఆమెని చూశాడు, బోర్డు చూశాడు, సన్యాసిరావుని చూశాడు.

"అమ్మా, నువ్వు కాస్త అది తీసి లోనికెళ్లు" అన్నాడు సన్యాసిరావు, ఎటో చూస్తూ.

"నాకూ చలేస్తోంది బాబూ."

"నీది సలి ముసుగు కాదు గదమ్మా."

"ఏది చలికి కట్టుకున్నదో, ఏది కాదో గుడ్డ పట్టుకుని చూసి చెబుతారా?"

వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. సన్యాసిరావు చెవులు ఎర్రబడ్డాయి.

"నీ మీద అనుమానం కాదమ్మా. రేపు ఎవుడో ఒకడు ఇలాంటి నల్లగుడ్డే ఏసుకొచ్చి పిల్లని ఎత్తుకుపోతే ఎవుల్ని అడుగుతారు? నన్నే గదా? బేంకులో తీస్తావు గదా మరి?"

"తీస్తానండి. అక్కడ మేడమ్ గారు పక్కగదిలోకి తీసుకెళ్లి చూస్తారు. ఇక్కడా ఒక ఆడమనిషిని పెట్టండి, వారం వారం చూపించే లోపలికెళ్తాను. వద్దన్లేదు."

"సంతకి పక్కగది ఎక్కడుంటాదమ్మా? ఒకులికి ఒకలా, ఇంకొకులికి ఇంకోలా సేత్తే రూలెందుకు?"

తాహెరా పెట్టెలు పక్కకి లాక్కుంది. ఖాదర్ జీపు మళ్లీ వచ్చేదాకా పెట్టెల మీద కూర్చుని, ఇంటికి వెళ్లిపోయింది. ఆ రోజు మంచు లేవలేదు. పసుపు తడిసింది, కోళ్లు కూత మరిచిపోయాయి. జనం లాంతర్లు పెట్టుకుని బేరాలాడారు.

"ఒకులు తక్కువున్నారు" అంది కనక, ఎవరూ అడక్కుండానే.

రెండో వారం ఖాదర్ ఒక ఉపాయం చేశాడు. జీపు తమ్ముడికిచ్చి, తానే వెళ్లి జాగాలో కూర్చున్నాడు. పొడుగాటి కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, గాజుల పెట్టెల మధ్య మిడతలాగా ముడుచుకుని కూర్చున్నాడు. ఆడవాళ్లు వచ్చారు, చూశారు, చేతులు కొంగుల్లో దాచుకుని వెళ్లిపోయారు.

"ఏటి బాబూ, నువ్వు తొడుగుతావేటి?" అంది రత్న, నవ్వాపుకోలేక. రత్న అంగన్‌వాడీలో పనిచేస్తుంది.

"తొడగనక్కా, అమ్ముతాను. ఇంటికి పట్టుకుపోయి నువ్వే తొడుక్కో."

"సాల్లే. మీ ఆవిడ తొడిగితే వేళ్లు సబ్బు రాసినట్టు జారతాయి." రత్న గొంతు తగ్గించింది. "కోప్పడనంటే ఒక మాట. సన్యాసిరావు రూలు నాకూ కొంత నచ్చింది. నాకేటంటే, మాటాడతన్నప్పుడు అవతలోళ్ల మొఖం సూడాలనిపిస్తాది. నవ్వుతున్నారో ఏడుస్తున్నారో తెలీకపోతే నాకు మాట రాదు. తప్పంటావా?"

ఖాదర్ కాళ్లు ఇంకొంచెం ముడుచుకున్నాడు. "తప్పనను. నాకూ మొదట్లో అలాగే ఉండేది."

"మరి ఇప్పుడు?"

"గొంతు విని కనిపెట్టేస్తాను. కోపంగా ఉన్నప్పుడైతే గాజులు కూడా చెప్పేస్తాయి."

మంచు ఖాదర్‌ని లెక్కలోకి తీసుకోలేదు. సాయంత్రం దాకా కదలలేదు. సన్యాసిరావు పుస్తకంలో ఆ జాగా ఎదురుగా రెండోసారి 'ఖాళీ' అని రాశాడు.

ఆ రోజే బిందుమాధవి కూడా వచ్చింది. శృంగవరపుకోట పిల్ల, ఇరవై రెండేళ్లు. తిలకం సీసాలు, క్లిప్పులు, రబ్బరు బ్యాండ్లు, బొట్టుబిళ్లలు ఒక రేకు పెట్టెలో పెట్టుకుని సంతలన్నీ తిరుగుతోంది. ఎక్కడా జాగా లేదు. ఒకచోట కూర్చుంటే ఇంకొకరు వచ్చి లేపేస్తారు. ఆడపిల్ల రోజంతా తిరుగుతూ అమ్మాలంటే ఎంత కష్టమో ఆ పిల్ల చెప్పుల్ని చూస్తే తెలుస్తుంది. సన్యాసిరావు ఆమెతో, "వచ్చేవారం పదకొండింటికి రా అమ్మా. జాగా నీ పేర రాసేస్తాను" అన్నాడు. ఆ జాగా ఎవరిదని ఆమె అడగలేదు. అడిగితే ఏం వినాల్సొస్తుందోనని భయపడింది.

ఆ వారమంతా తాహెరా ఇంట్లో మాటలు తక్కువగా నడిచాయి. ఖాదర్ ఒకరోజు అన్నం తింటూ, "రెండు గంటలు తీస్తే ఏమైపోతుంది?" అన్నాడు. తాహెరా అతని కంచంలో పప్పు వేసి, "రెండు గంటలు నువ్వు చొక్కా లేకుండా బస్టాండులో నిలబడు, ఏమవుతుందో చూద్దాం" అంది. అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. తర్వాత గిన్నెలు కడుగుతూ ఏడ్చింది. ఆ జాగా పోతే మళ్లీ రాదని ఆమెకి తెలుసు. కొండమీద ఏ సంతలోనూ ఖాళీ జాగాలు లేవు. అత్త ముప్ఫై ఏళ్లు వానకి తడిసి, ఎండకి ఎండి సంపాదించిన నాలుగడుగుల నేల అది.

శుక్రవారం నమాజు తర్వాత అత్త మంచం దగ్గర కూర్చుని కాళ్లకి నూనె రాస్తూ అడిగింది.

"అత్తా, నువ్వేమంటావు?"

రజియాబీ కప్పు వైపు చూస్తూ అంది. "నాకు కోపంగానే ఉందే. నేను కట్టుకోలేదు, నాకేమీ తక్కువ కాలేదు. నువ్వెందుకు కట్టుకున్నావని మనసులో వెయ్యిసార్లు అనుకున్నాను."

"మరి తీసెయ్యమంటావా?"

"జాగా నాది. దాని గురించైతే చెప్తాను, పోనివ్వకు. మొఖం నీది. దాని గురించి నన్నడక్కు." ఆవిడ కాలు ముడుచుకుంది. "ఆ ఎడమ మోకాలికి ఇంకొంచెం రాయి."

మూడో శనివారం తాహెరా పెట్టెలతో జీపెక్కింది. దారి పొడుగునా ఆమె చెయ్యి తల వెనక నఖాబు ముడి దగ్గరే ఉంది. ఒకసారి వదులు చేసింది. మళ్లీ బిగించింది. మలుపు మలుపుకీ లోయలో పూసిన వలిసె పొలాలు పచ్చగా కనిపించి మాయమవుతున్నాయి. ఆ పసుపుపచ్చ మీద మంచు జారుతుంటే ఎంత అందంగా ఉందో! ఇంకో రోజైతే ఆమె జీపు ఆపమనేది.

తాడు దగ్గరకి వచ్చేసరికి సంతలో అందరూ కూర్చుని ఉన్నారు. మంగ్లు గొంతు సర్దుకున్నాడు. ఆ పొద్దున్నే సన్యాసిరావు అతని మీద అరిచాడు, బంధువులకి ఒకలా, పరాయివాళ్లకి ఒకలా చేస్తున్నావని. "గుడ్డో, టోపీయో, మరోటో నీకనవసరం. నానైనా సరే, మొఖం కనబడితేనే తాడెత్తు" అని మరీ చెప్పాడు.

"గాజులమ్మా, నానేటి సెయ్యగలను" అన్నాడు మంగ్లు.

"నిన్నేమీ అనడంలేదు మంగ్లన్నా. ఇక్కడే నిలబడతాను."

నిలబడింది. కాళ్లు తాడుకి ఇవతలే ఉన్నాయి. పెట్టె దింపేటప్పుడు చెయ్యి తాడు కిందనుంచి అవతలికి వెళ్లి అక్కడే ఉండిపోయింది. లోపలున్నట్టూ కాదు, బయటున్నట్టూ కాదు.

అప్పుడు మంచు లేవడం మొదలుపెట్టింది. నేల నుంచి పైకి లేచింది. ముందు పాదాలు కనిపించాయి, తర్వాత చీర అంచులు, గోనెలు, పసుపు రాసులు, మోకాళ్లు, చేతులు. మెడల దాకా వచ్చి ఆగిపోయింది. అక్కడినుంచి కదలలేదు. సంతలో ఎవరికీ ఎవరి మొఖమూ కనిపించడంలేదు. మెడల కింద మాత్రం అంతా తేటగా ఉంది. కోళ్లు, కుక్కలు హాయిగా తిరుగుతున్నాయి.

"సగమే వచ్చింది గదా, అందికే సగమే లేసింది" అని కనక గొంతు వినిపించింది.

జనం బేరాలు మొదలుపెట్టారు. చేతులు చూసి మనుషుల్ని గుర్తుపట్టారు. బుధు చేతులు పగుళ్లు, రత్న చేతికి గడియారం, సోంబరు కూతురి చేతులకి ఉప్పు. తప్పులు పెద్దగా జరగలేదు. ఒక ముసలాయన మాత్రం తన భార్య అనుకుని ఇంకొకావిడకి పొగాకు ఇచ్చి తిట్లు తిన్నాడు.

పదకొండుకి ఇంకా పావుగంట ఉంది. రోడ్డవతల టీ తాగి, జాగాల పుస్తకం చంకలో పెట్టుకుని సన్యాసిరావు వచ్చాడు. తాడు ఎత్తబోయాడు. ఒక చెయ్యి అడ్డుపడింది.

"ఎవులది?"

"నానేరా. బేగి తాడెత్తు."

"నానంటే?"

"ఒరే మంగ్లూ! సన్యాసిరావునిరా. పదకొండవుతోంది, జాగాలు రాయాల."

"మొఖం కనబడతా నేదు బాబూ."

"మంచురా అది!"

"మంచని నాకు తెలీదేటి? గుడ్డో, టోపీయో, మరోటో నీకనవసరమన్నారు తమరే. నానైనా సరే అన్నారు."

లోపల నవ్వులు మొదలయ్యాయి. ఎవరు నవ్వుతున్నారో తెలియదు గనక అందరూ ధైర్యంగా నవ్వారు.

"గొంతు తెలుస్తా నేదేటిరా నీకు?"

"తెలుస్తంది బాబూ." మంగ్లు నెమ్మదిగా అన్నాడు. "గాజులమ్మ గొంతు కూడా తెలుసు. నాలుగేళ్లనుంచి ఇంటున్నాను."

సన్యాసిరావు కాలు మార్చి నిలబడ్డాడు. కిందకి చూస్తే పక్కన నల్ల బురఖా అంచు, రేకు అంచుల గాజుల పెట్టెలు కనిపించాయి. మెడల పైన ఇద్దరికీ ఒకటే తెలుపు.

"నువ్వేనా అమ్మా?" అన్నాడు.

"నేనేనండి."

"ఎంతసేపటినుంచి నిలబడ్డావు?"

"మూడు వారాల నుంచి."

ఆయన పుస్తకం ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు. సంత పెట్టిన నాటినుంచీ పదకొండు గంటలకి ఏ జాగా సంగతి ఆ జాగా దగ్గరే నిలబడి సంత పెద్ద పుస్తకంలో రాయాలి. లేకపోతే ఆ వారం అసలు సంతే జరగనట్టు లెక్క. ఇరవై ఊళ్ల జనం ముందు తన పేరు పోతుంది. తాను తానే అని చెప్పుకోవడానికి మనిషి దగ్గర ఇంత తక్కువ ఉంటుందా అనిపించింది.

"ఒరే, ఎవులైనా వచ్చి నానే అని సెప్పండిరా!" అని కేకేశాడు.

పచ్చబొట్ల చేతులు రెండు తాడు దగ్గరకి వచ్చాయి. "సేతులు సాపండి, ఇద్దరూను" అంది కనక.

సన్యాసిరావు చెయ్యి చాచాడు. కనక బొటనవేలు తడిమింది. "ఇది ఈయనదే. తేలు కుట్టిన మచ్చ. నానే పసరు రాసినాను. ఆ వేళ ఓలమ్మో ఓలమ్మో అని సంతంతా ఇనబడీలాగ ఏడిసినాడు."

నవ్వులు ఇంకా పెరిగాయి. సన్యాసిరావు ఈసారి తానూ కొంచెం నవ్వాడు. ఎలాగూ ఎవరికీ కనబడదు.

కనక తాహెరా చెయ్యి అందుకోకముందే పక్కనుంచి ఇంకో చెయ్యి వచ్చి పట్టుకుంది. పచ్చగాజుల చెయ్యి. "ఇది గాజులమ్మ. నా పెళ్లికి తొడిగింది." ఇంకో చెయ్యి వచ్చింది. "మా చెల్లికీ ఈమే." ఇంకొకటి, ఇంకొకటి. గడియారం కట్టిన చెయ్యి కూడా వచ్చింది. "ఈ వేళ్లు నాకు తెలుసు మంగ్లూ" అంది రత్న గొంతు. తాడు మీద పాతిక చేతులు చేరాయి. వాటి మధ్య తాహెరా చెయ్యి ఎక్కడుందో ఆమెకే తెలియలేదు. ఆమె ఏడుస్తోందో నవ్వుతోందో ఎవరూ చూడలేదు.

"ఇంతమంది సెప్పినాక నాకేటి" అని మంగ్లు తాడెత్తాడు. సన్యాసిరావూ తాహెరా ఒకేసారి వంగి లోపలికి వెళ్లారు.

జాగా దగ్గర బిందుమాధవి రేకు పెట్టె పట్టుకుని నిలబడి ఉంది. అరిగిన చెప్పులు చూసి తాహెరా ఆగింది. ఒకరినొకరు ఎరగరు. సన్యాసిరావు పుస్తకం మొఖం దగ్గర పెట్టుకున్నాడు. ఏమీ కనిపించలేదు. నడుం దగ్గరకి దించి, తడుముకుంటూ, వంకరటింకరగా 'ఉంది' అని రాశాడు. తాహెరా గోనె పరిచి కూర్చుంది.

మంచు లేచింది. గడ్డాలు, మూతులు, ముక్కులు, కళ్లు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. అందరి మొఖాలూ నీళ్లు చిమ్మినట్టు తడిసి ఉన్నాయి. తాహెరా నఖాబు కూడా తడిసి ఉంది. ఎవరూ దాని గురించి ఏమీ అనలేదు. ఎండ పడగానే వెయ్యి గాజులు వెలిగాయి.

సన్యాసిరావు తాడు దగ్గరకి వెళ్లాడు. "దాన్ని ఇప్పీసి ఎండలో ఆరేయిరా, నానిపోనాది" అన్నాడు. మళ్లీ వెనక్కి తిరిగి, "ఎవులికైనా ఎవులిమీదైనా అనుమానమొత్తే కనకమ్మని పిలండి. ఆమె సూసి సెప్తాది" అన్నాడు. బోర్డు సంగతి ఏమీ చెప్పలేదు. చెప్పలేదు గనక మంగ్లు దాన్ని ముట్టుకోలేదు. మూడు నాలుగు వారాలు అలాగే ఉండి, తర్వాత ఎవరో దాన్ని టీకొట్టుకి గాలి అడ్డుగా పట్టుకుపోయారు.

బిందుమాధవి ఇంకా అక్కడే నిలబడి ఉంది. వెళ్లిపోవాలని తెలుసు, ఎటు వెళ్లాలో తెలియదు. వంగి పెట్టె ఎత్తుకుంటుంటే తిలకం సీసా ఒకటి దొర్లి గోనె మీదికి వచ్చింది. తాహెరా దాన్ని తీసి ఇచ్చింది.

"క్లిప్పులున్నాయా?"

"ఉన్నాయక్కా."

"గాజులు కొన్నవాళ్లు ప్రతి సంతలోనూ క్లిప్పులడుగుతారు. నా దగ్గరుండవు." తాహెరా ఒక పెట్టె ఎత్తి ఇంకో పెట్టె మీద పెట్టింది. గోనె ఇవతలికి లాక్కుంది. మూరెడు నేల బయటపడింది. "మోకాళ్లు ముడుచుకుంటే సరిపోతుందేమో చూడు."

సరిపోయింది.

పై శనివారం పొద్దున్న తొమ్మిదయినా మంచు లేవలేదు. సన్యాసిరావు పుస్తకం పట్టుకుని రెండుసార్లు సంతంతా తిరిగాడు. పుస్తకంలో ఉన్నవాళ్లందరూ వచ్చారు. బుధు ఉన్నాడు, ఉప్పుచేపల పిల్ల ఉంది, గాజులమ్మ ఉంది. "మరి ఇంకెవుల కోసం?" అని గొణుక్కున్నాడు. జనం ఇంకో విడత టీలు చెప్పారు. తాహెరా తన పక్కనున్న మూరెడు ఖాళీ నేల వైపు చూసి, ఫోన్ తీసి మొగుడికి చేసింది.

"ఇదిగో, ఘాట్ రోడ్డులో ఎక్కడైనా జీపు ఆగిపోయి ఉందేమో చూశావా? అందులో రేకు పెట్టెతో ఒక అమ్మాయి ఉంటుంది. బేగి తీసుకురా, ఇక్కడందరూ చూస్తున్నారు."